ఎడమవైపు పడవ

బిలాస్‌పూర్ యార్డులో ముప్పై మూడేళ్ళు నేను చేసిన పని ఒక్క ముక్కలో చెప్పాలంటే, బండి కదలొచ్చో కదలకూడదో తేల్చడం. బొగ్గు బండి లోపలికి వస్తుంటే పట్టాల పక్కన నిలబడి చక్రాల చప్పుడు వినాలి. ఆగాక ఒక్కో వ్యాగను కిందకి వంగి స్ప్రింగులు, బ్రేకులు, కప్లింగులు చూసుకుంటూ పోవాలి. ఇరుసు పెట్టె మీద చేతి వెనకవైపు ఆనించి వేడి చూడాలి. అరచెయ్యి ఆనించకూడదు, అది కాలితే మర్నాడు సుత్తి పట్టలేం. అన్నీ బాగున్నాయనుకుంటే ఒక కాగితం రాసి, కింద సంతకం పెట్టి, డ్రైవరుకొకటి, గార్డుకొకటి ఇవ్వాలి. ఆ కాగితం చేతిలో పడందే బండి అంగుళం కదలదు. బాగులేని వ్యాగనుకి ‘సిక్’ అని చీటీ అంటించి, బండి నుంచి విడదీయించి, పక్కనున్న సిక్ లైన్లోకి తోయించాలి. అక్కడ మరమ్మతు చేసేవాళ్ళు వేరే ఉంటారు.

నాకు కోపం ఎక్కువ, అది దాచుకునేదేం కాదు. బండ్లు నడిపించే కంట్రోల్ ఆఫీసు నుంచి ఫోను వచ్చేది. పవర్ హౌసులో బొగ్గు అయిపోతోంది, ఒక్క వ్యాగనే కదా, చూసీ చూడనట్టు వదిలెయ్యమనేవాళ్ళు. అయితే మీరే వచ్చి సంతకం పెట్టండి, నేను పక్కన నిలబడి చూస్తాను అనేవాణ్ణి. ఎవరూ రాలేదు. తాను పట్టిన కుందేలుకి మూడే కాళ్ళంటాడని షెడ్డులో నా గురించి అనుకునేవాళ్ళు. మూడే ఉంటే మూడే అంటాను మరి. నేను చూడకుండా సంతకం పెట్టిన కాగితం ఒక్కటి కూడా ఆ యార్డు దాటలేదు. రిటైరైన రోజు దండ వేస్తూ మా పెద్ద సారు ఇదే మాట మైకులో చెప్పాడు. చెప్తున్నప్పుడు ఆయన ముఖం మాత్రం అంత సంతోషంగా లేదు.

ఇంట్లోనూ ఇదే తంతు. మాకు అమ్మాయి ఒక్కతే. ఆరో తరగతిలో సైకిలు కొనిచ్చిన దగ్గర్నుంచి, పొద్దున్నే బడికి బయల్దేరేముందు క్వార్టరు గుమ్మం ముందు సైకిలు నిలబెట్టి "నాన్నా, ఫిట్?" అని అడిగేది. నేను బ్రేకులు నొక్కి, చెయిను తిప్పి, వెనక చక్రం గాల్లోకి లేపి చూసి "ఫిట్" అనేవాణ్ణి. అప్పుడే ఎక్కేది. తర్వాత స్కూటీకీ అంతే. పెళ్ళయి అత్తారింటికి వెళ్తున్న రోజు, స్టేషనుకి తీసుకెళ్ళే కారు దగ్గర కూడా కళ్ళు తుడుచుకుంటూ అడిగింది. నేను పెళ్ళి పంచెతోనే వంగి నాలుగు టైర్లూ చూశాను. చుట్టాలంతా నవ్వారు. అల్లుడు నవ్వలేదు, నాతోపాటు వంగి చూశాడు.

మాది శ్రీకాకుళం వైపు. మా నాన్న రైల్వేలో ఖలాసీగా ఈ ఊరొచ్చాడు, నేను రైల్వే క్వార్టర్లో పుట్టాను, రిటైరయ్యాక ఇక్కడే కుదుదండ్‌లో రెండు గదుల ఇల్లు కట్టుకున్నాను. సంబంధం మాత్రం మా వైపే చూశాం. అబ్బాయిది సముద్రం ఒడ్డు ఊరు, సరుకు ఓడల్లో థర్డ్ ఆఫీసరు. ఆర్నెల్లు ఓడ మీద, మూడు నెలలు ఇంట్లో. ఓడ ఉద్యోగం మనకొద్దని మా ఆవిడ మొదట్నుంచీ అంది. పెళ్ళిచూపుల్లో నేను, ఓడలో నీ పనేమిటి బాబూ అని అడిగాను. లైఫ్‌బోట్లు, లైఫ్ జాకెట్లు, మంటలార్పే సామాను పనిచేసే స్థితిలో ఉంచడం, ఏడాదికోసారి సర్వేయరు వస్తే దగ్గరుండి అన్నీ చూపించడం అని చెప్పాడు. పిల్ల నచ్చిందో లేదో వాళ్ళు చెప్పేలోగా నాకు పిల్లాడు నచ్చేశాడు.

పెళ్ళయిన కొత్తలో అతను ఇంటికొస్తే మామా అల్లుళ్ళం ఇవే మాటలు. రైలుకి నా కాగితం ఒక్కటి చాలు, ఓడకి కాగితాల కట్ట ఉంటుందని అప్పుడే తెలిసింది. ఓడ ఒంటికీ ఇంజనుకీ ఒక సర్టిఫికెట్టు. ప్రాణాలు కాపాడే సామానుకి ఒకటి. వైర్‌లెస్‌కి ఒకటి. బరువెత్తుకున్నప్పుడు నీళ్ళలో ఎంతవరకు మునగొచ్చో చెప్పే గీతకి ఒకటి. నూనె సముద్రంలో కలవకుండా చూసే ఏర్పాట్లకి ఒకటి. చాలావాటికి ఐదేళ్ళ ఆయుష్షు. అయితే ఐదేళ్ళూ ఊరికే బతకవు, ఏటేటా సర్వేయరు వచ్చి చూసి వెనకవైపు ముద్ర వెయ్యాలి. ఆ తేదీకి అటు మూడు నెలలు, ఇటు మూడు నెలలు వెసులుబాటు. ముద్ర పడకపోతే కాగితం చచ్చినట్టే. నేను నోట్‌బుక్కులో రాసుకుంటూ అడుగుతుంటే, కొత్తల్లుణ్ణి రెండు గారెలు తిననివ్వకుండా ఈ పరీక్షలేమిటని మా ఆవిడ విసుక్కునేది.

ఒకరోజు ఇంకో సందేహం వచ్చింది. ఒక్కో లైఫ్‌బోటులో ఓడలో ఉన్నవాళ్ళందరూ పడతారన్నావు కదా, మరి రెండెందుకు, ఒకటి దండగ కదా అన్నాను. అతను టీ గ్లాసులు తెచ్చిన స్టీలు పళ్ళెం చేతిలోకి తీసుకుని ఒక పక్కకి వంచాడు.

"షిప్పు ఇలా ఒరిగిపోయిందనుకోండి మావయ్యా, పైకి లేచిన వైపు బోటు కిందకి దించలేం. ఎటు ఒరుగుద్దో ముందే తెలీదు కదా. అందుకే రెండు వైపులా, అందరికీ సరిపడా."

మా అమ్మాయి గుమ్మంలో నిలబడి వింటోంది. ఆ నియమం రాసినవాడెవడో గానీ, కనిపిస్తే దణ్ణం పెట్టాలనిపించింది నాకు. మా యార్డులో అలాంటి ఆలోచన ఉన్నవాళ్ళు ఇద్దరో ముగ్గురో ఉండేవాళ్ళు, అందులో ఒకణ్ణి నేను.

ముందటేడు, వానలు తగ్గుముఖం పడుతున్న రోజుల్లో, పొద్దున్న పదింటికి అల్లుడు ఫోను చేశాడు. అమ్మాయికి కాదు, నాకు. అతను ఓడెక్కితే అమ్మాయి మా దగ్గరే ఉంటుంది. బిల్హాలో ప్రైవేటు స్కూల్లో టీచరు, ఆ వేళకి లోకల్ రైల్లో వెళ్ళిపోతుంది. ఆ సారి అతను ఎక్కింది చిన్న ఓడ, పాతది. గల్ఫ్‌లో ఒక రేవులో ఉంది. మర్నాడు సర్వేయరు రావాలి. ఎడమవైపు లైఫ్‌బోటుని కిందకి దించే యంత్రం బ్రేకు జారుతోంది, ఉక్కు తాళ్ళు తుప్పు పట్టాయి. మూడు నెలలకోసారి బోటుని నీళ్ళలోకి దించి చూడాలి, అది దించి చాలా కాలమైంది. దించినట్టు రిజిస్టరులో రాసి సంతకం పెట్టమని కెప్టెను అంటున్నాడట. సర్వేయరుకి కుడివైపు బోటు చూపించి, ఎడమదానికి రిజిస్టరు చూపిస్తే సాయంత్రానికి ముద్ర పడిపోతుందట.

"ఏటి చెయ్యమంటారు మావయ్యా?" అన్నాడు.

నేను క్షణం కూడా ఆలోచించలేదు.

"సంతకం పెట్టకు బాబూ. ఉన్నదున్నట్టు సర్వేయరుకి చెప్పీ. ఏటవుద్ది? షిప్పు ఆపేస్తారు. ఆపేస్తే నువ్వు ఇంటికొచ్చీస్తావు."

మా ఆవిడ బెండకాయలు తరుగుతూ విన్నది. పిల్లాడికి ఇంటికి చేరే దారి చెప్పాలి గానీ ఈ యార్డు కబుర్లేమిటంది. నీకు తెలీదు ఊరుకో అన్నాను.

ఈ ఒక్క చోట నా మాట కొంచెం ఓపిగ్గా వినాలి. నా యార్డులో బండి సిక్ అయితే బండే ఆగుతుంది, మనుషులు ఆగరు. డ్రైవరు నన్ను నాలుగు తిట్టి రన్నింగ్ రూముకి పోయి పడుకుంటాడు. గార్డు తన పెట్టె తీసుకుని ఇంటికి పోతాడు. డ్యూటీ గంటలు దాటితే వాళ్ళ బదులు వేరేవాళ్ళొస్తారు. నేను రాసిన సిక్ చీటీలకి లెక్కలేదు, వాటివల్ల ఒక్కడంటే ఒక్కడు ఇల్లు చేరకుండా ఉండిపోలేదు. ఓడా అంతేననుకున్నాను. చదువుకున్నవాడైతే ఎవరినైనా అడిగేవాడు, చదువుకోనివాడైతే నాకు తెలీదు బాబూ అనేవాడు. రైల్వేవాణ్ణి కాబట్టి తెలుసనుకున్నాను.

అల్లుడు ఉన్నదున్నట్టు చెప్పాడు. సర్వేయరు ముద్ర వెయ్యలేదు. ఒకచోట దాచబోయారని తెలిశాక అన్నిచోట్లా వెతికాడు. మంటలార్పడానికి పెట్టిన రెండో పంపు ఆడలేదు, సరుకు గదుల మూతలు సందు లేకుండా పడట్లేదు. ఆ వెనకే రేవు అధికారులు వచ్చి ఓడ కదలకూడదని ఆపేశారు. నేను పదిహేను రోజులు ఛాతీ విరుచుకుని తిరిగాను. స్టేషను బయట టీ కొట్టు దగ్గర పాత స్నేహితులకి ఇదంతా వైనవైనాలుగా చెప్పాను. నా అల్లుడు నా మాట విన్నాడని చెప్పాను. ఇప్పుడు తలుచుకుంటే నా చెంప నేనే వాయించుకోవాలనిపిస్తుంది.

ఓడ యజమాని మొదటి నెల సామాను పంపుతున్నానన్నాడు. రెండో నెల ఫోను ఎత్తడం మానేశాడు. మూడో నెలకి ఆ నంబరే లేదు. పాత ఓడ, బాగుచేయించడం కంటే వదిలెయ్యడం మేలనుకున్నాడు. సిక్ లైన్లో వ్యాగను పెడితే సుత్తి పట్టుకుని ఎవడో ఒకడు వస్తాడు, ఇవాళ కాకపోతే ఎల్లుండి. ఇక్కడ ఎవరూ రాలేదు. ఓడని రేవులోంచి బయటకి లాగి, ఒడ్డు కనపడే దూరంలో లంగరు వేయించారు. అక్కడ్నుంచి కాగితాలు ఒక్కొక్కటే చావడం మొదలైంది. మొదట ప్రాణరక్షణ సామానుది, తర్వాత బరువు గీతది, తర్వాత వైర్‌లెస్‌ది, మధ్యలో ఇన్సూరెన్సు. ఇవాళ ఇంకోటి పోయింది మావయ్యా అని ఫోనులో చెప్పేవాడు, వీధిలో తెలిసిన ముసలివాళ్ళ గురించి చెప్పినట్టు.

జనరేటరు రోజుకి రెండు గంటలే. ఆ రెండు గంటల్లోనే వంట, ఫోను చార్జింగు. తాగే నీళ్ళూ బియ్యం ఒడ్డు నుంచి నావికుల సేవాసంఘం వాళ్ళు పడవలో తెచ్చి ఇచ్చేవారు. ఎండాకాలంలో ఇనుప గదుల్లో పడుకోలేక డెక్కు మీద తడి దుప్పటి పరుచుకునేవారట. జీతం మాట అతనూ ఎత్తలేదు, మేమూ అడగలేదు. మనిషిని ఇంటికి పంపించండి చాలన్నాం.

అప్పుడు బయటపడింది ఇంకో కాగితం. ఓడలో ఎప్పుడూ కనీసం ఎంతమంది ఉండాలో, వాళ్ళకి ఏ అర్హతలుండాలో చెప్పే పత్రమది. సిబ్బంది తక్కువై ప్రమాదం రాకూడదని పెట్టిన నియమం, మంచి నియమమే. లంగరులో ఉన్న ఓడనైనా వదిలేసి పోకూడదు, గాలికి కొట్టుకుపోయి ఇంకో ఓడని గుద్దుతుంది. కొందరు ఒప్పందం ముగిసిందని మొదట్లోనే వెళ్ళిపోయారు. కెప్టెనుకి గుండెనొప్పి వచ్చి ఒడ్డుకి తీసుకెళ్ళి, అట్నుంచటే వాళ్ళ దేశం పంపేశారు. డెక్కు మీద అర్హత ఉన్న ఆఫీసరు ఇక మా అల్లుడొక్కడే మిగిలాడు. నీ బదులు ఇంకొకణ్ణి రప్పించుకో, నిన్ను దింపేస్తాం అన్నారు రేవువాళ్ళు. రప్పించాల్సింది యజమాని. యజమాని లేడు. ఓడని కాపాడే కాగితాలన్నీ చచ్చిపోయాయి, మనిషిని కట్టేసే కాగితం ఒక్కటే బతికుంది. నేను కావాలని అడిగాను, దానికి గడువు ఎప్పటివరకు బాబూ అని. దానికి గడువు రాయలేదు మావయ్యా అన్నాడు.

ఆ సాయంత్రం అమ్మాయి లోకల్ దిగి వచ్చి, సంచీ కూడా కింద పెట్టకుండా నన్ను అడిగింది.

"షిప్పుకి సర్టిఫికెట్ లేకపోతే షిప్పునే కదా నాన్నా ఆపాలి? ఆదమీని ఎందుకు రోకుతారు?"

ఓడని ఆపాలి గానీ మనిషిని ఎందుకు ఆపుతారని. అచ్చం నేను అనుకున్నదే. నా కూతురు కాబట్టి అలాగే అనుకుంది. సంతకం పెట్టకని చెప్పింది నేనేనని దానికి తెలీదు, అల్లుడు చెప్పలేదు. మా ఆవిడ నా వంక చూసి వంటింట్లోకి వెళ్ళిపోయింది. అప్పుడైనా చెప్పి ఉండాల్సింది. దాని సంచీ అందుకుని బల్ల మీద పెట్టాను.

తర్వాత ఓడల గురించి దొరికిందల్లా చదివాను, చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు. బొంబాయిలోని నౌకాశాఖ ఆఫీసుకి అర్జీలు పెట్టాం. అమ్మాయికి తెలుగు రాయడం సరిగ్గా రాదు గానీ హిందీ, ఇంగ్లీషు అర్జీలు బాగా రాస్తుంది. రాసి, పైన తేదీ వేసి, ఒక ఫైల్లో పెట్టేది. ఓడ ఏ దేశం జెండా ఎగరేస్తోందో ఆ దేశానికి రాశామని వాళ్ళ జవాబు వచ్చింది. ఆ దేశం ఎక్కడుందోనని స్కూలు అట్లాసులో వెతికాం. సముద్రం మధ్యలో ఆవగింజంత చుక్క. ఓడ అక్కడికి ఎప్పుడూ వెళ్ళలేదట, పేరు మాత్రం అక్కడ రాయించారట, వెనకవైపు రంగుతో అక్కడి రేవు పేరే ఉంటుందట. ఆ దేశం నుంచి జవాబు రాలేదు. ఆ చుక్క మీద నాకెంత కోపం వచ్చిందో చెప్పలేను. కోపం వచ్చి ఏం చేస్తాను, అట్లాసు మూసేశాను.

ఎవరో చెప్తే బోద్రీ వెళ్ళాను, హైకోర్టు దగ్గర ఒక వకీలుని కలవడానికి. ముందు ఆయన గుమస్తా ఫారం నింపుతూ, ఏ ఠాణా పరిధి అని హిందీలో అడిగాడు. సముద్రం అన్నాను. అతను కలం ఆపి, అది కాదు అంకుల్, ఘటన జరిగిన చోటికి దగ్గరి ఠాణా చెప్పండి అన్నాడు. మామూలుగా అయితే అరిచేవాణ్ణి. ఆ రోజు అరవడానికి కూడా ఓపిక లేక, కుదుదండ్‌కి దగ్గర్లో ఉన్న ఠాణా పేరు చెప్పాను. అది రాసుకున్నాడు. వకీలు మంచివాడు, గంటసేపు విన్నాడు, ఫీజు వద్దన్నాడు. ఓడ మన దేశానిది కాదు, యజమాని మన దేశంవాడు కాదు, రేవు మనది కాదు, ఈ రాష్ట్రానికైతే సముద్రమే లేదు, ఏ తాడు పట్టుకుని లాగమంటారు అన్నాడు. ఢిల్లీకి పంపుకోమని ఒక వినతిపత్రం రాసిచ్చాడు. ఆయన గుమ్మం దాకా వచ్చి నా భుజం మీద చెయ్యి వేసినప్పుడు నాకు ఏడుపొచ్చింది. షేరింగ్ ఆటోలో నల్లకోట్ల మధ్య కూర్చుని ఇంటికొచ్చాను.

ఏడాదిన్నర ఇలాగే గడిచింది. ఓడలు ఎక్కడున్నాయో చూపించే యాప్ ఒకటి అమ్మాయి నా ఫోనులో వేసిపెట్టింది. రోజూ పొద్దున్న టీ తాగుతూ చూసేవాణ్ణి. అదే చోట, అదే చుక్క. గాలి మారితే లంగరు చుట్టూ కాస్త తిరిగేది, అంతే. మా ఆవిడ పూజ గదిలోంచి "కదిలిందేటండీ?" అని అడిగేది. లేదు అనేవాణ్ణి.

ఈ ఏడు మే నెలలో కబురొచ్చింది. అక్కడి కోర్టు ఓడని అమ్మేసింది. కొన్నవాడు దాన్ని మన పడమటి తీరానికి తీసుకొచ్చి ముక్కలు చేయించుకుంటాడు. ఆఖరి ప్రయాణం ఒక్కదానికి అనుమతి కావాలి, దానికి మళ్ళీ సర్వే, మళ్ళీ కాగితం. కొత్త కెప్టెను వస్తాడు, పాతవాళ్ళు కూడా ఉంటేనే లెక్కకి మనుషులు సరిపోతారు. ఓడతోపాటే అల్లుడూ ఇండియా చేరతాడు. ఆ రోజు మా ఇంట్లో పాయసం వండారు.

నాలుగు రోజుల తర్వాత మధ్యాహ్నం నాలుగింటికి ఫోను వచ్చింది. మా ఆవిడ కూరలకి వెళ్ళింది. అమ్మాయి వేసవి సెలవుల్లో కూడా ఏవో స్కూలు పనులకని బిల్హా వెళ్ళింది. ఎండ మండిపోతోంది, కూలరు ముందు కూర్చున్నాను.

"అదే కాగితం మళ్ళీ వచ్చింది మావయ్యా," అన్నాడు.

కుడివైపు బోటుని బాగుచేసి నీళ్ళలోకి దించి సర్వేయరుకి చూపించారు. ఎడమదానికి కొత్త ఉక్కు తాళ్ళు వేశారు గానీ బ్రేకు సామాను దొరకలేదు. ఎలాగూ ముక్కలయ్యే ఓడకి కొన్నవాడు ఇంతకంటే చెయ్యడు. దించి చూశాం, బాగుంది అని దానికి బాధ్యుడైన ఆఫీసరు రాసిస్తే సర్వేయరు ఆ మాట మీద అనుమతి ఇస్తాడు. రాయకపోతే సామాను వచ్చేదాకా ఆగాలి, అప్పటికి వానలు దిగుతాయి, ఆ సముద్రంలో ముసలి ఓడని పంపరు. అంటే ఇంకో ఆర్నెల్లు. కొన్నవాడు ఆగకపోతే అదీ లేదు.

నేను యార్డులో అడిగినట్టే అడిగాను, బ్రేకు ఎంత బరువు ఆపుతోందని.

"ఖాళీ బోటుకైతే ఆగుద్ది. మనుషులు ఎక్కితే చెప్పలేను."

అక్కడి గాలి చప్పుడు ఫోనులో వినిపిస్తోంది. ఒకప్పుడు నాకు ఆ ప్రశ్నకి జవాబు తెలుసు. ఇప్పుడూ తెలుసు. కానీ ఆ జవాబు చెప్పినందుకు ఏమైందో కూడా తెలుసు. అతను చివరిసారి వీడియోలో కనిపించినప్పుడు మెడ ఎముకలు బయటికొచ్చి ఉన్నాయి. అతనితో మాట్లాడి ఫోను పెట్టేశాక మా అమ్మాయి స్నానాల గదిలో కుళాయి తిప్పుకుని ఏడవడం ఏడాదిన్నరగా వింటున్నాను.

"పెట్టీ బాబూ," అన్నాను. "సంతకం పెట్టీసి, ఇంటికొచ్చీ."

"మీరు వద్దంటారనుకున్నాను మావయ్యా," అన్నాడు. తర్వాత, సరే అన్నాడు.

వద్దంటానని భయపడ్డాడా, వద్దనాలని ఫోను చేశాడా, ఇప్పటికీ నాకు తేలలేదు. అడిగే ధైర్యం లేదు. ఈ సంగతి మా ఆవిడకి కూడా చెప్పలేదు.

సంతకమైతే పెట్టాడు. అనుమతీ వచ్చింది. దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడన్నట్టు, రేవు బాకీలని ఒకసారి, కొత్త కెప్టెను వీసా అని ఒకసారి, ఆపుతూ ఆపుతూ జూన్ మధ్యకి తెచ్చారు. ఏ వానల్ని తప్పించుకోవాలని ఆ అబద్ధం రాయించానో ఆ వానల్లోకే ఓడ బయల్దేరింది. తొమ్మిది రోజులు పడుతుందన్నాడు. బయల్దేరిన రోజు యాప్‌లో చుక్క బాణం గుర్తుగా మారి కదిలింది. మా ఆవిడ "కదిలిందేటండీ?" అని అడగలేదు, వచ్చి తనే చూసింది. రెండు రోజులు ఒడ్డు పక్కనే కనిపించి, నడి సముద్రంలోకి వెళ్ళాక బాణం బూడిద రంగుకి తిరిగింది. డబ్బు కట్టని యాప్‌కి అంతదూరం అందదట. ఆఖరి కబురు వచ్చి ఎన్ని గంటలైందో కింద చూపిస్తుంది. ఇవాళ పొద్దున్నకి తొంభై ఒకటి. గుజరాతు పక్క సముద్రం అల్లకల్లోలంగా ఉందని, జాలర్లు వేటకి వెళ్ళొద్దని టీవీలో చెప్తున్నారు. నేను టీవీ చప్పుడు తగ్గించి చూస్తున్నాను.

ఓడలో పన్నెండుమంది ఉన్నారు. ఎటు ఒరుగుతుందో ముందే తెలీదు. కుడివైపుకే ఒరగాలని, అసలు ఒరగకూడదని, దేవుడికి ఎలా మొక్కుకోవాలో కూడా నాకు తెలియడం లేదు. పట్టాల పక్కన నిలబడే మనిషిని, బాగులేదని తెలిస్తే ఎర్రజెండా ఊపి ఆపగలిగినవాణ్ణి. ఇక్కడ ఎవరికి ఊపను?

అమ్మాయి స్కూలు మళ్ళీ తెరిచారు. ఇవాళ పొద్దున్న లోకల్‌కి తయారై, గొడుగు తీసుకుని గుమ్మం దాకా వెళ్ళి, మళ్ళీ వెనక్కి వచ్చింది. నా చేతిలో ఫోను చూసింది, టీవీ చూసింది.

"ఎటు ఒరిగినా పర్వాలేదని ఆయన చెప్పారు కదా నాన్నా అప్పుడు, పళ్ళెం వంచి? రెండు బోట్లూ సర్వే అయ్యాయి కదా?"

అయ్యాయి అన్నాను.

"నువ్వు అడిగావా?"

అడిగానమ్మా అన్నాను.

అప్పుడు చిన్నప్పుడు సైకిలు పట్టుకుని నిలబడినట్టే నిలబడి, నా ముఖంలోకి చూసింది.

"ఫిట్?"

"ఫిట్," అన్నాను.

అది నవ్వింది. చాలా నెలల తర్వాత నవ్వింది. గొడుగు విప్పుకుని, బిల్హా లోకల్‌కి టైమైపోతోందని గబగబా వెళ్ళిపోయింది.